గోరీల దొడ్డిలో నీలం వెలుగు

కనిగిరిలో నేను రోజూ టీ తాగే దుకాణంలో ఎవరో ఫోను తెచ్చి నా ముఖం ముందు పెట్టారు. కంభం అవతల పాతకాలపు తెల్లదొరల పటాలం వాళ్ల సమాధుల్లో దయ్యాలు తిరుగుతున్నాయట. పొద్దువాలేవేళ గోరీలు నీలంగా వెలుగుతాయట. మనిషి అడుగుపెట్టని చోట ప్రతి ఏడూ వాటికవే తెల్లబడతాయట. వీడియో తీసినవాడు ఒక గోరీ మీద చెప్పులతో నిలబడి, "సైనికుడా, బయటికి రా" అని పిలుస్తున్నాడు. దయ్యం మాట అట్లుంచి, ఆ చెప్పులు చూసి నాకు ఒళ్లు మండింది.

నేను అయిదో తరగతితో బడి మానినవాడిని. ఆ తరువాత చదివిందంతా పొట్లాం కాగితాల మీద, అద్దె పుస్తకాల్లో. ఇంగ్లీషు కూడా అట్లా కూడబలుక్కుని నేర్చిందే. కంభం తాలూకా కర్నూలు జిల్లాలో ఉన్న రోజుల్లో మా నాయనతో ఎద్దుల సంతకు పోతూ ఆ సమాధుల గోడ పక్కన కూర్చుని సద్ది తిన్నాను. దొరల పటాలం ఇక్కడ దిగిందని, జ్వరాలకు తట్టుకోలేక చాలామంది ఇక్కడే మట్టిలో కలిశారని ఆయన చెప్పినాడు. అప్పుడు అక్కడ తుమ్మచెట్ల నీడ ఉంది గానీ దయ్యాలు లేవు. మరి ఇప్పుడెక్కడి నుంచి వచ్చాయో చూసి పత్రికకు రాద్దామనుకున్నాను.

ఒక శనివారం పొద్దున ఆరు గంటల బస్సెక్కి, పొదిలిలో మారి, తొమ్మిదిన్నరకు మార్కాపురం చేరాను. బేస్తవారిపేట మీదుగా నేరుగా పోయే బస్సులున్నాయి. నాకు రైలు ఇష్టం కాబట్టి ఇటు వచ్చాను. రైలుస్టేషను ఊరికి దూరం, ఆటో తప్పదు. బస్టాండు ఎదుటే టిఫిను చేసి పోవడం మేలు, స్టేషనులో నాకు నీళ్లు తప్ప ఏమీ దొరకలేదు. పాసింజరు బండి ముప్పావుగంట ఆలస్యంగా వచ్చింది.

ఎదుటి సీట్లో ఒకప్పుడు పలకల గనిలో పనిచేసిన మనిషి కూర్చున్నాడు.

"ఏడికి పెద్దాయనా?"

"కంభం. గోరీల్లో దయ్యాలున్నాయంట, చూసేదానికి."

"ఇంకొన్నాళ్లు ఓపిక పట్టలేకపోతివా? ఎట్లా వాళ్ల దగ్గరికే పోయేది గదా."

పెట్టె అంతా నవ్వింది, నేనూ నవ్వాను. ఆయన గుప్పెడు శనక్కాయలు నా చేతిలో పోసి, తన బావమరిది ఆ వెలుగు చూసి జ్వరంతో పడినాడని చెప్పాడు. నువ్వు చూసినావా అంటే, "నేనేడ చూసినా" అన్నాడు. నాకు తెలిసినంతవరకు దయ్యాన్ని చూసినవాడు ఎప్పుడూ ఎవరో ఒకరి బావమరిదే.

కంభంలో భోజనం చేసి, స్టేషను దగ్గర మస్తాన్ అనే అతని ఆటో మాట్లాడుకున్నాను. ఆ సమాధుల చోటు 'గోరీల దొడ్డి' అంటే అందరికీ తెలుసు.

"ఐదైతే హారన్ కొడతా తాతా. రాకుంటే పోతా."

"అంత భయమేంది నాయనా?"

"భయం నాకు గాదు, బండికి."

దారిలో అతనే అసలు సంగతి చెప్పాడు. రోడ్డు పక్క చేను కొన్న ఒకాయన ప్లాట్లు వేస్తున్నాడు. గోరీల దొడ్డి దానికి అడ్డం. "దిక్కులేని గోరీలు గదా, పూజ చేపిచ్చి పొక్లెయిన్ పెడతాడంట. ఈ వారంలోనే."

దొడ్డి గోడ సగం కూలింది. గేటు పోయి కీళ్లు మిగిలాయి. లోపల ఇటుకా సున్నంతో కట్టిన గోరీలు, కొన్ని మనిషెత్తు పైన. వాటికి అమర్చిన పాలరాతి పలకల్లో ఒకటి తప్ప ఏదీ లేదు. మిగిలినవి ఎవరి గడపల్లో ఉన్నాయో, ఏ బావి దగ్గర బట్టలుతికే బండలయ్యాయో ఆ చుట్టుపక్కల వాళ్లకు తెలిసే ఉంటుంది. పలక పీక్కుపోయేటప్పుడు లేని భయం, ఫోనులో చూసేటప్పుడు ఎక్కడి నుంచి వచ్చిందో.

ఒక గోరీని వేలితో రుద్దాను. సున్నం అంటింది, పోయినేడాది పూత. వేలు ఎండలో పెట్టి చూస్తే లేత నీలం. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. సున్నం పసుపు తిరగకుండా, బట్టలకు వాడే నీలిమందు చిటికెడు కలిపేది. మాపటేళ మా గోడలూ నీలంగా కనపడేవి. అయితే దయ్యానికి బకెట్టు, కుంచె, నీలిమందు పొట్లం ఉన్నాయన్నమాట. ఇంకొంచెం వెతికితే పెద్ద గోరీల పక్కనే, చేని రాళ్లు చుట్టూ పేర్చిన చిన్న మట్టిదిబ్బలు కనిపించాయి. వాటి మీద ఏ పేరూ లేదు.

మూడు దాటాక ఇద్దరు ఆడవాళ్లు కూలిపని ముగించుకుని, సున్నం బకెట్టు, కుంచె పట్టుకుని వచ్చారు. నన్ను చూసి గోడ దగ్గరే ఆగిపోయారు.

"ఎవురు నువ్వు? ప్లాట్లాయన మనిషివా?" అంది పెద్దామె.

"కాదమ్మా. కనిగిరి నుంచి వచ్చినా."

"మేము మేకల కోసం వచ్చినాం."

"మేకలకు సున్నం కొడతారా?"

చిన్నామె నవ్వు ఆపుకోలేకపోయింది. పెద్దామె పేరు దీనమ్మ, నవ్వింది ఆమె కోడలు. మరునాడు ఈస్టరు. ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది. ఈస్టరు ముందురోజు తమ వాళ్ల సమాధులకు సున్నం కొట్టడం ఇక్కడి క్రైస్తవ కుటుంబాల ఆచారం. దీనమ్మ మామ కాలంలో, పూడ్చేదానికి వాళ్లకున్న వాగు గట్టు వరదకు కొట్టుకుపోయిందట. ఊళ్లో ఎవరూ వేరే జాగా ఇయ్యలేదు. అప్పటి నుంచి తమ వాళ్లను చాటుగా ఇక్కడికే తెచ్చి పూడుస్తున్నారు. ఆమె భర్తా ఇక్కడే ఉన్నాడు.

"మరి దొరలకు ఎందుకమ్మా సున్నం?"

"పక్కనోళ్లు గదన్నా. మనోళ్లకు కొట్టి వాళ్లను వదిలేస్తే ఏం బాగుంటది? వాళ్లకు వచ్చేవాళ్లు లేకపాయె."

"దయ్యాలంటుంటే మీరెందుకు నోరు తెరవలేదు?"

"తెలిస్తే మావోళ్లను తవ్వి పారేపిస్తారని. దయ్యమంటే ఎవురూ రారు, మావోళ్లు సల్లగా పండుకుంటారులే అనుకుంటిమి. ఇప్పుడు దిక్కులేనియని ప్లాట్లాయన తవ్వే మిషను తెస్తాడంట." ఆమె కుంచె బకెట్టులో వదిలేసింది.

వీళ్ల మౌనమే గోరీలకు దిక్కులేనివన్న పేరు తెచ్చింది. అయినా నాకు జాగా ఇయ్యని ఊరి మీదే కోపం వచ్చింది. దీనమ్మ భర్త పక్కనున్న పెద్ద గోరీకే ఆ మిగిలిన పలక ఉంది. దాంట్లోనూ పేరున్న సగం విరిగిపోయింది. మిగిలిన అక్షరాలు కూడబలుక్కుని చదివాను. జ్వరంతో పోయినాడు, వయసు ఇరవై రెండు.

"ఇరవై రెండా?" అంది దీనమ్మ. "ఇన్నేండ్లూ ముసలి దొర అనుకుంటిమే. పిల్లోడు." కొంగుతో పలక తుడిచింది.

నేను ఉన్నమాట చెప్పాను. దయ్యం లేదని రాయడానికే వచ్చాను. రాస్తే జనానికి భయం పోతుంది, మీ సంగతీ బయటపడుతుంది. రాయకపోయినా మిషను వస్తుంది. ఏం చేయమంటావో నువ్వే చెప్పమన్నాను.

"వద్దత్తా, మనల్ని పట్టుకుంటారు" అంది కోడలు.

దీనమ్మ ఆ సైనికుడి గోరీకి ఒక పక్కంతా సున్నం కొట్టింది. తరువాత అంది: "రాయన్నా. దయ్యం లేదని రాయి, దిక్కుందని రాయి. మా ఆయన పేరు ఏసోబు, పేరు పెట్టే రాయి. రేపు తెల్లారి పాటలు పాడుకుంటా అందరం ఈడికే వస్తాం. పాస్టరయ్యతో నేను మాట్లాడతా. ఇంక సాటుగా వచ్చేది లే."

రోడ్డు మీద హారన్ మోగింది. నేను తెమిలేలోగా ఆటో వెళ్లిపోయింది. పొద్దువాలుతుండగా వాళ్లతోపాటే నడిచి బయటికి వచ్చాను. వెనక్కి తిరిగి చూస్తే గోరీలు నిజంగానే నీలంగా ఉన్నాయి. చూడముచ్చటగా ఉన్నాయి.

రాత్రి కంభం బస్టాండు దగ్గర లాడ్జిలో పడుకున్నాను. గది శుభ్రం, దోమలు ఎక్కువ. నేను ఎక్కడ దిగానో కనుక్కుని, తెల్లవారుజామున మస్తానే వచ్చి తలుపు కొట్టాడు. జనం పోతున్నారంటే తన బండికి ధైర్యం వచ్చిందన్నాడు.

ముప్పై మంది దాకా వచ్చారు. పాట అయ్యాక ఒక్కొక్కరే తమ వాళ్ల పేర్లు గట్టిగా చెప్పి కొవ్వొత్తి పెట్టారు. రోడ్డు మీద ప్లాట్లాయన మనిషి ఒకడు ఫోనుతో వీడియో తీస్తున్నాడు. ఎవరూ ముఖం దాచుకోలేదు. దీనమ్మ "ఏసోబు" అంది. పక్క గోరీ మీద ఇంకో కొవ్వొత్తి పెట్టి, పేరు తెలియదు కాబట్టి, "ఇరవై రెండేండ్ల పిల్లోడు" అంది.

ఎనిమిది గంటలకు బేస్తవారిపేట మీదుగా కనిగిరి పోయే బస్సు దొరికింది. పక్క సీటాయన ఎక్కడి నుంచని అడిగి, గోరీల దొడ్డి అనగానే, "కనపడినాయా?" అన్నాడు.

"కనపడినారు. నాతో మాట్లాడినారు కూడా" అన్నాను. ఆయన లేచి వెనక సీటుకు పోయినాడు. పిలిచి కూర్చోబెట్టి అంతా చెప్పేసరికి కనిగిరి వచ్చింది.

మిషను వస్తుందో రాదో నాకు తెలియదు. వచ్చినా, దిక్కులేని గోరీలని ఇక అనడానికి లేదు. చూడబోయేవారు పగలే పోవచ్చు, ఆటో దొరుకుతుంది. చెప్పులు గోడ బయట విడవండి. ఈస్టరు ముందురోజు పోయేవారు కాస్త సున్నం పట్టుకుపోండి. నీలిమందు దీనమ్మ దగ్గర ఉంటుంది.