పెదనాన్న తీసిన తడిక

పెదనాన్న పోయాడని మొన్న పొద్దున్నే కబురొచ్చింది. అప్పుడు నేను బరంపురం గేట్ బజార్లో నేను పనిచేసే బట్టల కొట్టు షట్టరు ఎత్తుతున్నాను. పొలం గట్టు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. ఊరికెళ్లే పాత్రపూర్ బస్సులో కిటికీ పక్కన చోటు దొరికినందుకు నాకు కాస్త సంతోషం కూడా వేసింది. అలాంటివాణ్ని నేను.

ఆయన మా నాన్నకి అన్న. పిల్లల్లేరు. నాకు నాగలి పట్టడం నేర్పబోయి, నాలుగో రోజుకి ఆయనే దండం పెట్టేశాడు. "నువ్వెల్లి గుడ్డలు కొలుసుకోరా, బూమి బతుకుతాది" అన్నాడు. అయినా నేను తిన్న అన్నంలో సగం ఆయన పండించిందే.

మడిలోకి దిగేముందు చెప్పులు గట్టు మీద జతగా విడిచేవాడు. పంట ఎలా ఉందని ఎవరడిగినా ఒకటే జవాబు: "కోసినాక సెప్తాను." ఏపుగా ఉన్నా అదే, ఎండినా అదే. ఎవరి ఆవు చేలో పడ్డా బందెలదొడ్డికి తోలేవాడు కాదు. మెడ మీద చెయ్యేసి వాళ్లింటి దాకా నడిపించుకెళ్లేవాడు. "ఆకలికి గట్టు తెల్దు గదరా" అనేవాడు.

ఈ ఏడు భాద్రపదం నుంచి చుక్క పడలేదు. వరి పొట్ట మీదుండగానే ఎండిపోయింది. పశువులు మేసే బీడులో మట్టి తప్ప ఏమీ మిగల్లేదు. పెదనాన్న మాత్రం నూతి నీళ్లు ఇంజనుతో తోడి, అవి చాలక బిందెలతో మోసి, ఒక్క మడి నిలబెట్టుకున్నాడు. పంటల బీమా వాళ్లు కోసి తూచే మడిగా లాటరీలో సరిగ్గా దాని నంబరే వచ్చింది. అది పండితే పంచాయతీలో అందరి చేలూ పండినట్టే లెక్క. ఎవరికీ పరిహారం రాదు.

ఊరంతా నన్ను ముందుకి తోశారు. మాట నేర్పున్నవాణ్ని కదా. దసరాకి వెళ్లినప్పుడు ఆయన పక్కన చేరాను.

"పెదనాన్నా, ఆళ్లొచ్చేలోపు మడిలోకి ఆవుల్ని తోలీద్దాం. పంట పోనాదని రాసుకుంతారు."

"గింజ గట్టిపడిందిరా. ఇంకో పది రోజులు."

"ఊరు బతకాల గదా."

ఆయన ఇంజను వైపు చూశాడు. "సర్లే, మందకీ ఆకలేస్తన్నాది" అన్నాడు.

మర్నాడు పొద్దున్న మడికి అడ్డం కట్టిన తడిక తనే తీశాడు. ముందు దూరింది మా ఆవే. పెద్దమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది. ఆయన గుప్పెడు కంకులు కోసుకుని, "ఇది సూరుకి కడతాను. మిగతాదంతా మీదే" అని పశువులతో చెప్పాడు. మధ్యాహ్నానికి మడిలో గిట్టల గుర్తులు, పేడ మిగిలాయి.

కోతకొచ్చిన ఆఫీసరు గట్టు మీదే ఆగిపోయాడు. "గాయి ఖాయిచి" అన్నాడు ఒడియాలో, ఆవు తినేసిందని. ఆవు మేసిన మడి కరువు లెక్కలోకి రాదట. జాబితాలో తర్వాతి నంబరుకి వెళ్లారు. అది రోడ్డు వారనున్న బోరు చేను, నిండుగా పండింది. మా పంచాయతీలో నష్టమే లేదని తేలింది.

ఊరికి కోపమొచ్చింది. "తోలినోడు పేడైనా ఎత్తాల గదా. ముసిలోడు ఊరిని ముంచీసినాడు" అని టీ బడ్డీ దగ్గర ఆయన ముందే అన్నారు. ఆయన నా వైపు చూశాడు. మీరంతా పంపితేనే నేను అడిగాను, నేనడిగితేనే ఆయన తోలాడు అని నేను చెప్పాల్సింది. చెప్పలేదు. గ్లాసులో టీ ఊదుకుంటూ కూర్చున్నాను.

ఆ మర్నాడే వాన పట్టి మూడు రోజులు కురిసింది. మేసిన దుబ్బులు చిగిర్చాయి. ఇక కంకి వేయని పచ్చదనం. పెదనాన్న రోజూ వెళ్లి దాన్నే చూస్తూ కూర్చునేవాడట.

"పంటెలాగుంది అని ఏలాకోలానికి అడిగినాన్రా" అంది పెద్దమ్మ, శవం పక్కన కూర్చుని. "కోసినాక సెప్తాను అన్నాడు."

చూరుకి కట్టిన కంకుల్ని నలిపి, ఒలిచిన గింజలు ఆయన నోట్లో వేశాను. ఈ ఏడు ఆయన ఇంటికి తెచ్చుకున్న పంట అంతే.

పాడె మోసిన నలుగురిలో ముగ్గురు టీ బడ్డీ దగ్గర ఆ మాట అన్నవాళ్లే. మోస్తూ "మంచోడు" అనుకున్నారు. దారి పొలం పక్కనుంచే. నేను కుండ పట్టుకుని ముందు నడుస్తున్నాను. గట్టు మీద ఆయన చెప్పులు జతగా అలాగే ఉన్నాయి. తడిక మూసి ఉంది. మా ఆవు దానికి మెడ ఆనించి, ఎప్పుడు తీస్తానా అని నా వైపే చూస్తోంది.