సున్నపు పాదాలు

మా చిన్నాన్న పోయిన మంగళవారం కన్నుమూశారు. పొద్దున దీపం వెలిగిస్తుంటే పిన్ని ఫోన్ చేసి, "మీ చిన్నాన్న లేవలేదు తల్లీ" అని మాత్రం అంది. అగ్గిపుల్ల నా వేళ్ళ దాకా కాలింది.

ఆయన పెరంబూరులో రైలుపెట్టెల ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఆదివారాల్లో మా వీధి వెనక మైదానంలో ఫుట్‌బాల్‌కు రెఫరీ. పొద్దున్నే చెప్పులు విడిచి, తానే సున్నంతో గీతలు వేసేవారు. తెల్లబడిన పాదాలతో ఇంటికొస్తే పిన్ని, "కృష్ణుడొచ్చినాడు, వెన్న దాచిపెట్టండే" అని నవ్వేది. నిజంగానే కృష్ణాష్టమికి మేము పిండితో వేసే పాదాల్లా మెట్ల మీద ఆ గుర్తులుండేవి.

"సున్నపు గీతకి చుట్టాలు లేరమ్మా" అనేవారాయన.

పదకొండేళ్ళ కిందట పక్కపేట చూలై జట్టు కుర్రాడు చేత్తో తోసిన గోలు చెల్లదన్నారాయన. మా వీధివాళ్ళు ఆయనకు శాలువా కప్పారు. "ధర్మరాజు మాదిరి మనిషప్పా" అన్నారు. మరుసటి ఏడు ఫైనల్లో మా వీధి జట్టుకు నా కొడుకు వేసిన గోలు కూడా చెల్లదన్నారు. కారణం అదే, చెయ్యి తగిలిందని. మేము ఓడిపోయాం.

శాలువా కప్పినవాళ్ళే, "ఏం తాతా, నీ కంటద్దాలకి చందా వేసుకుందామా?" అన్నారు. "సొంత మనవడి కప్పు పోగొట్టినాడే, ఈయనేం పెద్దమనిషి" అన్నారు. భుజానికే తగిలిందని మావాడు ఏడ్చాడు.

నేను ఆ గోలు వెనకే నిలబడి ఉన్నాను. బంతికి చెయ్యి తగలడం చూశాను.

తరువాతి ఆదివారం గీతలు వేసి, ఆట మొదలు కాకముందే చిన్నాన్న మా ఇంటికొచ్చారు. సున్నపు పాదాలతో మెట్టు మీదే, గడప బయట ఆగారు.

"అమ్మా, నువ్వు ఆడనే ఉన్నావు గదా. వీధికి చెప్పొద్దు, నాకు మాత్రం చెప్పు. బిడ్డ చెయ్యి తగిలిందా, లేదా? అది తెలిసినాకే నేను ఈ పొద్దు విజిలు పట్టుకోవాల."

లోపల మావాడు ఇడ్లీ తింటున్నాడు.

"లేదు చిన్నాన్నా. భుజమే."

ఆయన తన పాదాల వైపు చూసుకున్నారు. "అట్లయితే నా కండ్లే తప్పమ్మా. ఇంక నేను ఊదగూడదు." వెనక్కి తిరిగి, "బిడ్డకి ఇంకో రెండు పెట్టు, ఆకలి మీదుంటాడు" అన్నారు.

మళ్ళీ ఆయన మైదానంలోకి దిగలేదు. కనబడినప్పుడల్లా "బాగుండావా తల్లీ" అనేవారు. ప్రతి శుక్రవారం గుడిలో, రేపు చెప్పేస్తానని అమ్మవారికి మొక్కుకునేదాన్ని. అలా పదేళ్ళు గడిచాయి.

పాడె కడుతుంటే పిన్ని నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "అప్పట్లో కంటి డాక్టరు చూపు బాగుందన్నాడే. ఈయన వింటేనా? డాక్టరుకేం తెలుసు, మా అమ్మాయి దగ్గరుండి చూసింది, అది అబద్ధం చెప్పదు అన్నాడు."

పాడె మోసిన భుజాల్లో మా అబ్బాయిదీ ఒకటి. వాడు నా వైపు చూడలేదు.

ప్రతి కృష్ణాష్టమికీ లోపలికి నడిచే పాదాలే వేస్తాను. గడప దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. ఆ ఆదివారం నేను బిందెడు నీళ్ళు పోసి కడిగేసిన మెట్టు మీద, వీధి వైపు తిరిగిన రెండు తెల్లటి పాదాలు నాకింకా కనిపిస్తాయి.