అందరికీ ఒక ఓవరు

మూడేళ్ల కిందట నౌపడలో మేం కొందరం కలిసి టెన్నిస్ బాల్ టోర్నమెంటు పెట్టాం. ఏర్పాట్లన్నీ నావే. ఎప్పుడూ ఆడగలిగినవాళ్లే ఆడతారు, మిగిలినవాళ్లు గట్టున కూర్చుని చప్పట్లు కొడతారు. అది నాకు నచ్చేది కాదు. అందుకే జట్టుకి ఎనిమిది మంది, అందులో ముగ్గురు ఆట రానివాళ్లు, ఎనిమిది ఓవర్లు, మనిషికొకటి అని నియమం పెట్టాను. దెబ్బ తగిలితేనో, కాలో చెయ్యో పట్టేస్తేనో మాత్రమే ఆ ఓవరు ఇంకొకరు వెయ్యొచ్చు. ఆ కాగితం చదివి అందరూ నన్ను మెచ్చుకున్నారు.

మా జట్టులో మా వీధి మావ ఒకాయన చేరాడు. ఉప్పు మడుల్లో పని చేస్తాడు, యాభై దాటాయి, అంతకుముందు ఎప్పుడూ బంతి పట్టలేదు. నెల రోజులు పని నుంచి రాగానే ఇంటి వెనక గోడ మీద సుద్దతో మూడు గీతలు గీసి బంతి విసిరేవాడు.

"సూడరా, పదింటికి నాలుగు తగులుతన్నాయి," అనేవాడు సంబరంగా.

మ్యాచుల్లో మాత్రం వైడ్లు పడేవి. అయినా ఫైనల్‌కి వచ్చాం. స్టేషన్ దగ్గరి కుర్రాళ్ల జట్టుతో ఆట. ఆఖరి ఓవర్లో వాళ్లకి తొమ్మిది పరుగులు కావాలి. మిగిలింది మావ ఒక్కడే. అప్పటికి మ్యాచ్ మా చేతిలోకి వచ్చేస్తుందనుకుని ఆయన్ని చివరికి దాచింది నేనే.

బంతి తీసుకోవడానికి ఆయన చెయ్యి చాచాడు. నేను ఇవ్వలేదు.

"మావా, కాలు పట్టేసిందని సెప్పు," అన్నాను మెల్లగా.

"నాకేటి? బాగానే ఉన్నాది కదరా."

"సెప్పు మావా. గెలవాల."

ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. తర్వాత కింద కూలబడి పిక్క పట్టుకున్నాడు. అంపైరుగా ఉన్న పాస్టరుగారు పరిగెత్తుకొచ్చి, మోకాళ్ల మీద కూర్చుని ఆ కాలు రుద్దారు. "ఎక్కడయ్యా నొప్పి?" అని అడుగుతుంటే మావ తల వంచుకుని ఏదో చోటు చూపించాడు.

ఆ ఓవరు నేనే వేశాను. నాలుగు పరుగులిచ్చాను. మావాళ్లు నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. పైనుంచి చూస్తే మావ కుంటుకుంటూ గట్టు దాటుతున్నాడు. ఎవరూ చూడకపోయినా కుంటుతూనే ఉన్నాడు.

మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. ఆయన భార్య ఉప్పు మూట వేడి చేసి పిక్కకి కాపడం పెడుతోంది. "నిన్నటి నుంచీ ఇలగే ఉన్నాది బాబూ. ఏటి తగిలిందో సెప్పడు," అంది. మావ కాలు చాపుకుని గోడకేసి చూస్తున్నాడు. నిజం చెప్పడానికే వెళ్లినవాణ్ణి, ఆవిడ ఇచ్చిన టీ తాగి వచ్చేశాను.

వారం తర్వాత మడుల దగ్గర ఒంటరిగా దొరికితే తప్పయిపోయిందన్నాను.

"నాకు రాదని నాకు తెల్దేట్రా?" అన్నాడు పార ఆపకుండా. "ఓడిపోతే తిట్టించుకుందునే. దానికి పాస్టరుగారి సేత కాలు పట్టించినావు."

పాస్టరుగారికి ఇప్పటికీ నేను నిజం చెప్పలేదు. మరుసటి ఏడు టోర్నమెంటుకి పేర్లు రాసుకుంటూ మావ గుమ్మం దాకా వెళ్లాను. "పనున్నాదిరా," అని సైకిలెక్కి వెళ్లిపోయాడు.