మెట్టు మీద పసుపు అడుగులు

పొద్దున్న ఆరింటికి నౌపడ వీధి కుళాయికి నీళ్ళొస్తాయి. ఇదివరకు ఝాన్సీ లేచేసరికే ఆమె బిందె నిండి వాకిట్లో ఉండేది. పక్క వాటాలో ఉండే తోటికోడలు దేముడమ్మ పట్టి పెట్టేది. ఇప్పుడు ఝాన్సీయే వెళ్ళి వరసలో నిలబడుతోంది.

ఆమె బాప్తిస్మం తీసుకుని ఆరేళ్ళయింది. బొట్టు తీసేసిన రోజు వీధంతా గుసగుసలాడింది. దేముడమ్మ మాత్రం నవ్వేసింది. "నీ దేవుడు నీకు, నా అమ్మోరు నాకు. కుళాయొకటే కదేటే!" అంది. అమ్మవారి సంబరానికి కోసిన కోడిని ఝాన్సీ తినదని, ఆమె కోసం చేపల పులుసు వేరే వండేది. క్రిస్మస్‌కి ఝాన్సీ ఇంట్లో మొదటి కేకు ముక్క దేముడమ్మదే.

ఈ ఏడు సంబరంలో అమ్మవారి ఘటం దేముడమ్మ తలకెత్తుకుంది. ఘటం ఇంటి ముందుకొస్తే, ఎత్తినామె కాళ్ళకు ఆ ఇంటి ఆడవాళ్ళు పసుపునీళ్ళు పోస్తారు. మిట్టమధ్యాహ్నం డప్పుల వెనక నడిచొచ్చి దేముడమ్మ ఝాన్సీ మెట్టెక్కింది.

"ఒసే ఝాన్సీ, పసుపొద్దు, ఏటొద్దు. ఉత్త నీళ్ళే పొయ్యే. కాళ్ళు కాలిపోతన్నాయి."

బకెట్ గుమ్మంలోనే ఉంది. వీధి చివర చర్చి సంఘం వాళ్ళిద్దరు నిలబడి చూస్తున్నారు.

"నాను పొయ్యకూడదక్కా," అని ఝాన్సీ తలుపేసేసింది.

"ఏటే, మీ దేవుడు నీళ్ళకి కూడా తాళమేసినాడేటి?"

నవ్వుతూనే అంది. కానీ మర్నాడు ఝాన్సీ బిందె ఖాళీగానే ఉంది. ఆ మర్నాడూ అంతే. వెళ్ళి మాట్లాడాలి, రేపు వెళ్దాం అనుకుంటూనే ఉంది. నాలుగో రోజు తెల్లవారుతూనే దేముడమ్మ గుండె ఆగిపోయింది.

శవానికి స్నానం చేయించేటప్పుడు కాళ్ళ మీద నీళ్ళు ఝాన్సీయే పోసింది. ఎవరు చూస్తున్నారోనని వెనక్కి తిరగలేదు. అరికాళ్ళ బొబ్బలు ఇంకా మానలేదు.

జరిగినదంతా పాస్టరుగారికి చెప్పుకుంది.

"ప్రభువే శిష్యుల కాళ్ళు కడిగినాడు కదమ్మా. నన్నడిగుంటే పొయ్యమనే సెబుదును."

అడగలేదు. అడగాలని తోచనైనా లేదు.

రేపు ఝాన్సీ ఇంట్లో ప్రార్థన కూటం. చాపలు దులిపింది, వాకిలి కడిగింది. ఆ రోజు అంతకుముందు ఇళ్ళవాళ్ళు పోసిన పసుపునీళ్ళతో తడిసొచ్చిన దేముడమ్మ అడుగులు రెండూ, మెట్టు మీద చూరు నీడలో ఇంకా ఉన్నాయి. ఝాన్సీ పీచు పట్టుకుని వాటి ముందు కూర్చుంది.

కడగకుండానే లేచింది.