బావ రివాల్వర్‌కు బొట్టు

మా అక్కను చేసుకున్న బావకు ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిపెట్టే అడ్తి దుకాణం ఉంది. లైసెన్సున్న రివాల్వర్ కూడా ఉంది. దాన్ని చూసి దొంగలు బెదిరింది లేదు గానీ, ఇంట్లోవాళ్లం మాత్రం బెదిరి చచ్చేవాళ్లం. దసరాకు దానికి ఆయుధపూజ చేసి, నెక్కొండ దగ్గరి తన మెట్ట చెల్కలో గాల్లోకి ఒక్కసారి పేల్చడం ఆయన రివాజు. చట్టం ఒప్పదని నేను మొత్తుకుంటే, అది దేవుడి పని అనేవాడు. పేల్చేటప్పుడు పక్కనే మా అక్క హారతి పళ్లెం పట్టుకుని నిలబడాలి. పోయినేడు ఆమె చెవి కింద చురుక్కుమని కాలి మచ్చ పడింది. కర్పూరం నిప్పు ఎగిరి పడిందని, పళ్లెం పట్టుకోవడం కూడా చేతకాదని బావ పండగ పూట అందరి ముందూ ఆమెను తిట్టాడు.

నేను పోలీసు తుపాకుల మరమ్మతు చేసి రిటైరైన మనిషిని. ఈ ఏడు పండగ ముందు రోజు వాళ్లింటికి పోయి ఆ రివాల్వర్ అడిగి తీసుకున్నాను. అమ్మో, అది రివాల్వరా, గ్రామదేవతా! పసుపు, కుంకుమ, నూనె ఏళ్ల తరబడి పొరలు కట్టి ఉన్నాయి. తూటాలు తీసేసి, అవి కూర్చునే గదులున్న సిలిండర్‌ను ఒక్కో గదికి తిప్పుతూ, గొట్టానికి సరిపోయే ఇత్తడి కడ్డీని లోపలికి వదిలాను. గది గొట్టానికి సూటిగా నిలబడితే కడ్డీ నేరుగా దిగాలి. ఒక గది దగ్గర అంచుకు తగిలి ఆగిపోయింది. సిలిండర్‌ను పట్టి ఆపే గాడిలో కుంకుమ రాయిలా బిగుసుకుంది.

కిరోసిన్‌తో కడుగుతానంటే బావ అడ్డం పడ్డాడు.

"ముత్తయిదువ ముంగట బొట్టు తుడుస్తవా? పంతులుతోని ముహూర్తం చూపించిన, ఈశాన్యం దిక్కు పేలుస్త. ఇంకేం సూటి గావాలె నీకు?"

ఆయన లెక్కలో గుండుకు కూడా వాస్తు తెలుసు. నాకు ఒళ్లు మండింది. గది సూటిగా లేకుండా పేలిస్తే గుండు అంచుకు ఒరుసుకుని సీసం తునకలు పక్కకు చిమ్ముతాయని, పక్కన నిలబడ్డ మనిషి మొహాన పడతాయని చెప్పాను.

పూజ సామాను తోముతున్న అక్క చెయ్యి ఆగింది. చెవి కింది మచ్చను తడుముకుంది. లేచి వచ్చి నా చేతిలోని గుడ్డ తీసుకుని కిరోసిన్‌లో ముంచింది.

"బొట్టు నిలవాలంటే ముందుగాల మొకం ఉండాలె గదా," అని ఆ కుంకుమను తనే రుద్ది తుడిచింది.

 మర్నాడు బావ చెల్కకు పోలేదు. ఇంట్లోనే పూజ అయింది. హారతి పళ్లెం ఆయనే పట్టుకున్నాడు. కర్పూరం నిప్పు ఒక్కటీ ఎగరలేదు.