సారు కళ్లజోడు తుడిస్తే

యూనివర్సిటీలో మా ఫిజిక్సు సారంటే రీసెర్చి విద్యార్థులందరికీ హడలే. రీడింగులో రవ్వంత తేడా వచ్చినా నోటుబుక్కు వెనక్కి వచ్చేసేది. అరవైల చివర్లో ఒక ఆదివారం, థీసిస్ చాప్టరు చూపిద్దామని తార్నాకలో వాళ్లింటికి వెళ్లాను. సారు లుంగీలో, అమ్మగారితోనూ కూతురితోనూ అష్టాచెమ్మా ఆడుతున్నారు.

"నాలుగో మనిషి దొరికిండు. కూసో," అని నా చాప్టరును కిటికీలో పెట్టి, గవ్వలు చేతికిచ్చారు.

ఆట మంచి పట్టులో ఉండగా సారు కళ్లజోడు తీసి, భుజం మీది తువ్వాలుతో తుడవడం మొదలుపెట్టారు. తువ్వాలు కొస గళ్ల మీదుగా పాకింది. అది పైకి లేచేసరికి సారు కాయ ఒక గడి ముందుకు జరిగి ఉంది.

"ఈయన అద్దాలకు దుమ్ము పట్టిందంటే నా కాయ సచ్చినట్టే," అన్నారు అమ్మగారు నాతో. సారు ఏమీ ఎరగనట్టు గవ్వలు వేశారు.

అంత పెద్ద సారే జరపగా లేనిది, నేను జరిపితే తప్పేమిటనిపించింది. మరుసటి వారం, గ్రాఫులో గీతకు దూరంగా పడిన ఒక చుక్కను గీత మీదికి తెచ్చి చూపించాను.

సారు సరిగ్గా దాని మీదే వేలు పెట్టారు. "ఇదెప్పుడు తీసినవు?"

"నిన్న పొద్దున సార్," అంటూ నా కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకున్నాను.

సారు నా చేతులనే కాసేపు చూశారు. తర్వాత మీసాల చాటున నవ్వుకుంటూ గ్రాఫు నా ముందుకు తోశారు.

"గా తుడుసుడు ఇంట్లనే నడుస్తది. గీడ రీడింగు మళ్ల తియ్యి."