గుండ్రాయిలాంటి మనిషి

ఎవరు పలకరించినా ఈ దర్జీ చెప్పేది ఒకటే: "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను." నిజానికి కిడ్నీలు రెండూ పోయాయి. రోజు విడిచి రోజు ఆస్పత్రి మిషను పక్కన పడుకుని రక్తం శుద్ధి చేయించుకుంటాడు. సూదుల గుర్తులు కనపడకుండా తన చొక్కాలకు తానే పొడుగు చేతులు కుట్టుకుంటాడు. సొంతూరి దరిదాపుల్లో ఆ మిషను లేదు కనుక, వైద్యం కోసం ఈ పరాయి దేశంలోనే ఉండనివ్వమని అర్జీ పెట్టుకున్నాడు. విచారణ రోజున నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడిగి పెళ్లికొడుకులా బయల్దేరాడు.

"కాస్త జబ్బుమనిషిలా కనపడండి. అక్కడ కూడా గుండ్రాయినన్నారంటే రేపే విమానం ఎక్కిస్తారు," అని భార్య దారి పొడుగునా నూరిపోసింది. ఆయన బుద్ధిగా తలూపాడు.

అధికారి చెయ్యి కలిపి, ఎలా ఉన్నారని అడిగాడు. దుబాసీ ఆ మాట తెలుగులో చెప్పీ చెప్పకముందే, "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను," అనేశాడు దర్జీ. భార్య తల పట్టుకుంది. ఆయన నాలుక కరుచుకుని, ఎడమచేతి గుండీ విప్పి, చొక్కా మోచేతి దాకా మడిచాడు. నరం తాడులా ఉబ్బి ఉంది. దుబాసీ వైపు తిరిగాడు.

"నిన్న మిషను దగ్గర పడుకున్నాను బాబూ, అందుకే ఇవాళ గుండ్రాయిని. వారంపాటు పడుకోకపోతే ఉండనే ఉండను. ఆ ముక్క కూడా కలిపి చెప్పు."